రాక్షసి గడ్డం

కిలకిల వనం, దిండి
3 జూన్ 2025

శ్రీయుత సాలమోను గారికి,

కిలకిల వనం మెయింటెనెన్సు సూపర్‌వైజరు ఆనందరావు రాయునది.

ఈ ఉత్తరం డ్యూటీ మీద రాస్తున్నదే గాని చుట్టరికం మీద రాస్తున్నది కాదని ముందుగా మనవి. మా అక్క మెర్సీని చేసుకున్నందుకు మీరు నాకు బావగారైన మాట నిజం. పదకొండేళ్ల కిందట చర్చి వాకిట్లో, బైబిలు మీద చెయ్యి వేసి, ఈ మనిషితో బతికుండగా మాట్లాడనని నేను ప్రమాణం చేసిన మాట కూడా నిజం. అయితే రాయనని అనలేదు. ఫోను చేస్తే మాట్లాడినట్టే. వాట్సాపు సంగతి పాస్టరుగారిని అడిగితే అదీ కొంచెం అనుమానమే అన్నారు. అందుకని రాజోలు పోస్టాఫీసుకి వెళ్లి ఇన్‌లాండు కవరు అడిగాను. కౌంటరులో అమ్మాయి నన్ను పైనుంచి కిందకి చూసి, లోపలికి వెళ్లి ఎవరినో అడిగి తెచ్చింది.

విషయమేమనగా, మన పార్కు చేతులు మారింది. కొత్త మేనేజరు ప్రవీణ్ కుమార్ గారికి ఇరవై తొమ్మిదేళ్లు. 1999లో పార్కు కట్టినప్పుడు పెట్టిన వస్తువు ఒక్కటి కూడా జూలై కల్లా కనపడకూడదంటున్నారు. పసుపు బోర్డుతో సహా ఎస్టీడీ బూతు పీకేశాం. కెమెరా రీళ్లు అమ్మిన గది, గోడకి బిగించిన తాబేలు ఆకారం యాష్‌ట్రేలు, తుప్పునీళ్లు కక్కే సింహం కుళాయి అన్నీ పోయాయి. పొట్టలో చెత్త వెయ్యమని నోరు తెరుచుకుని నిలబడే కంగారూ కూడా పోయింది. ఇక మిగిలింది దెయ్యాల కొంప ఒక్కటే. దాన్ని పడగొట్టి, మనుషులు కళ్లకి పెట్టెలు కట్టుకుని కుర్చీల్లో కూర్చుని కేకలేసే హాలు కడతారట.

చిక్కల్లా రాక్షసితోటి. మెయిన్ ఫ్యూజు పీకితే పార్కు మొత్తం ఆరిపోతోంది, ఆవిడ కళ్లు మాత్రం ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. పది నిమిషాలకోసారి నవ్వుతోంది కూడా. ఆవిడ వైరు గోడలోకి వెళ్లి ఎటుపోయిందో ఎవరికీ అంతు చిక్కడం లేదు. కరెంటున్న గోడ మీద దెబ్బ వెయ్యలేమని కూలీలు రెండుసార్లు వెళ్లిపోయారు. తీర్థాల్లో లైటింగు సెట్టింగులు కట్టిన అనుభవంతో ఆ రోజుల్లో ఇక్కడ బొమ్మలూ కరెంటూ రెండూ చేసినది తమరే. కనుక ఆ స్విచ్చి ఎక్కడుందో తిరుగు టపాలో తెలియజేయగలరు. ముప్పయ్యో తారీఖున పడగొట్టుడు.

ఇట్లు,
తమ విధేయుడు కాని,
ఆనందరావు


బండారులంక
8 జూన్ 2025

మా బావమరిది ఆనందుకి బావ సాలమోను రాసేది.

నీ ఉత్తరం అందింది. పోస్టుమాను దాన్ని నా చేతికియ్యలేదు, మీ అక్క చేతికిచ్చాడు. ఆవిడ చించి, చదివి, మళ్లీ చదివి, నాకు పెరుగన్నం పెట్టాక అప్పుడు ఇచ్చింది. గంటన్నర బస్సు దూరం నుంచి ఐదు రోజులు ప్రయాణం చేసి వచ్చిన ఉత్తరం గదా, అలసిపోయుంటుందని మేము కూడా కాసేపు బల్ల మీద పడుకోబెట్టాం. నా విధేయుడివి కావని చెప్పడానికి ఆఫీసు రబ్బరు స్టాంపు కూడా కొట్టావు చూడు, అది నాకు నచ్చింది.

కంగారూ పోయిందంటే బాధేసింది. దాన్ని చేసే నాటికి నేను కంగారూని చూసి ఎరగను. ఓనరుగారు చేత్తో గాల్లో గీసి చూపించేరు. నేను చేసింది గర్భంతో ఉన్న కుక్కలా వచ్చింది. ఆయన చుట్టూ తిరిగి చూసి, "పర్లేదులే సాలమోనూ, మనోళ్లు మాత్రం చూసేరేంటి?" అన్నారు. ఇరవై ఆరేళ్లు ఈ జిల్లా చెత్తంతా తిన్న జంతువది. కాస్త మర్యాదగా పంపించాల్సింది.

టిక్కెట్టు కిటికీ ఇంకా ఉందా? దాని కన్నం అంత కిందకి పెట్టించింది కూడా ఓనరుగారే. ఎంతటివాడైనా నడుం వంచి లోపలికి రావాలని ఆయన కోరిక. ఎమ్మార్వోగారు ఓసారి వంగి, మళ్లీ లేవలేకపోయేరు. ఇద్దరం పట్టుకుని లేపాం.

ఇక స్విచ్చి సంగతి. చెప్తాను, కాని ఊరికే చెప్పను. ముందు నా ప్రశ్నకి జవాబు రాయి. రాక్షసికి నువ్వు పెట్టిన గడ్డం ఇంకా ఉందా? అది ఎందుకు పెట్టావో పాస్టరుగారికి చెప్పావు, మీ అక్కకి చెప్పావు, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పావు. నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పకుండా ప్రమాణం చేసి వెళ్లిపోయావు. ఆ రోజు నీ కోపం మాత్రమే చూశాను, సంగతేంటో ఊరందరి నోటా తర్వాత విన్నాను. నీ చేత్తో నాకు రాయి. అప్పుడు స్విచ్చి చెప్తాను.

మీ అక్క నీకు మాగాయ పంపుతానంటోంది. ఇన్‌లాండు కవర్లో పట్టదని చెప్పాను.

నీ బావ,
సాలమోను


కిలకిల వనం, దిండి
13 జూన్ 2025

సాలమోను గారికి,

తమరికి ఇది కూడా వేళాకోళంగా ఉంది. రాయమన్నారు కనుక రాస్తున్నాను.

2014 డిసెంబరులో మా సండే స్కూలు పిల్లల్ని నలభై మందిని పార్కుకి తీసుకొచ్చాను. అప్పటికి నేను ఇక్కడ చేరి నాలుగేళ్లయింది. సంఘ పెద్దని గనక దెయ్యాల కొంపలోకి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. లోపల బల్బు పోతే వేరేవాళ్లని పంపేవాణ్ణి. ఆ నవ్వు మాత్రం బయటికి రోజూ వినపడేది, మద్రాసు నుంచి తెప్పించిన క్యాసెట్టు అనుకునేవాణ్ణి. ఆ రోజు పిల్లల్ని తీసుకుని లోపలికి వెళ్లిన నాగమణి ఆంటీగారు చెప్పులు వదిలేసి బయటికి పరిగెత్తుకొచ్చి, అందరి ముందూ, "ఒరే ఆనందూ! లోపల మీ అమ్మ ఉందిరా నాయనో!" అని అరిచేరు. అంతే, నలభై మందీ ఆనందరావుగారి అమ్మని చూస్తామని మళ్లీ క్యూ కట్టారు.

నేను లోపలికి వెళ్లాను. ఆ వెడల్పు నుదురు, గడ్డం మీద ఎడమ పక్క పుట్టుమచ్చ, ముందు పళ్ల మధ్య సందు, కోపం వస్తే పైకి లేచే ఆ కుడి కనుబొమ్మ. మా అమ్మ రూతమ్మే. అప్పటికి ఆరేళ్లయింది ఆవిడ సమాధిలో ఉండి. నాన్న పోయాక ఊడ్పులకీ కోతలకీ వెళ్లి మా ఇద్దర్నీ పెంచింది. పరాయివాళ్లు ఎదురొస్తే పక్కకి తప్పుకుని తలొంచుకుని నడిచింది. ఏ గురువారమూ స్త్రీల ప్రార్థన కూటం మానలేదు. అటువంటి మనిషికి మీరు కోరలు పెట్టారు, నాలుక బయటికి వేళ్లాడదీశారు, ఎర్ర బల్బులు బిగించారు. ఆవిడ మీకేం చేసింది? పులసకూరలో తల ముక్క నాకేసి తోక ముక్క మీకేసిందనా?

ఆ సాయంత్రమే కొబ్బరిపీచు, ఫెవికాలు తెచ్చి ముక్కు కింద నుంచి బొడ్డు దాకా గడ్డం అంటించాను. మీసం కూడా పెట్టాను. నాలుక కనపడకుండా కప్పేశాను. అప్పట్నించి గడ్డం ఉన్న రాక్షసి ఏంటని అడిగినవాళ్లకి, ఉత్తరాది రాక్షసుడండి, ఆయ్, అని చెప్తున్నాను. గాజులు ఎందుకున్నాయని అడిగితే జవాబు లేదు.

ముప్పయ్యో తారీఖున అది ముక్కలైపోతే నా గుండెల మీద బరువు దిగుతుంది. మీకు సిగ్గనేది ఉంటే స్విచ్చి ఎక్కడో చెప్పండి.

ఆనందరావు


బండారులంక
17 జూన్ 2025

ఆనందూ,

గాజుల దగ్గరికి వచ్చేదాకా నవ్వుతూనే చదివాను. తర్వాత కాయితం మడిచి కాసేపు అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ నాకేం చేసిందని నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఉంది, కాని ఇప్పుడు కాదు.

స్విచ్చి ఆవిడ నోట్లో ఉంది.

నిజంగానే. నాలుక వెనకాల, కుడి పక్కన, పింగాణీ పీటతో పాత నల్ల స్విచ్చి. బయట ఎక్కడ పెట్టినా జనం ఊరికే నొక్కి పోతున్నారని, ఎవడూ చెయ్యి పెట్టని చోటు చూసి పెట్టాను. లైను పార్కుది కాదు. మాటిమాటికీ కరెంటు పోయే రోజులు కదా, రాక్షసి సగం నవ్వులో ఆగిపోతే బాగోదని పక్క కొబ్బరితోట మోటారు షెడ్డు నుంచి లాగాను. ఆ తోటాయన పిల్లలకి టిక్కెట్టు అడక్కూడదని ఒప్పందం. క్యాసెట్టు అరిగిపోయాక ఆ నవ్వుని చిన్న చిప్పులోకి ఎక్కించాను. అందుకే ఈనాటికీ ఆగలేదు.

అంటే ఏమైంది? మీరంతా వెతుకుతున్న స్విచ్చి పదకొండేళ్లుగా నీ కొబ్బరిపీచు కిందే ఉంది. అత్తగారికి కోరలు పెట్టానని నన్ను వెలేశావు. తల్లికి గడ్డం పెట్టినవాణ్ణి ఏం చెయ్యాలో ఆ పాస్టరుగారినే అడుగు.

నేను చెప్పినట్టు చెయ్యి. ఇంకెవరినీ పంపకు, నువ్వే వెళ్లు. గడ్డం లాగావంటే పూత కూడా ఊడి వస్తుంది. వేడినీళ్ల గుడ్డ వేసి నానబెట్టి మెల్లిగా తియ్యి. తర్వాత టార్చిలైటు పట్టుకుని నోట్లో చెయ్యి పెట్టు. భయపడకు, కరవదు. స్విచ్చి దొరికాక, ఆపేముందు, లైటు పైకి వేసి అంగిలి చూడు. చూసి నాకు రాయి.

సాలమోను

తమ్ముడూ, అమ్మ మొహం మీద గునపం గాని ఉలి గాని ఆనించావని తెలిసిందో, బస్సెక్కి వచ్చి నీ నడుం విరగ్గొడతాను. నీతో మాట్లాడనని నేనేమీ ప్రమాణం చెయ్యలేదు. వేడినీళ్లు మరీ మరిగినవి వద్దు. — అక్క


దిండి
21 జూన్ 2025

బావగారికి,

గడ్డం తీశాను. రెండు పూటలు పట్టింది. మీసం దగ్గర కొంచెం రంగు పోయింది, మిగతాదంతా బాగానే ఉంది. అక్కకి చెప్పండి.

పీచు తీస్తుంటే మధ్యలో ఆవిడ నవ్వింది. ఇన్నేళ్లూ గడ్డంలోంచి ఏదో గరగరమని వినపడేది. నోటి మీది పీచు పోయాక చెవి పక్కనే స్పష్టంగా వినపడింది. నిచ్చెన మీద నుంచి పడబోయాను.

స్విచ్చి మీరు చెప్పిన చోటే ఉంది. లైటు పైకి వేశాను. అంగిలి మీద ప్లాస్టరు తడిగా ఉన్నప్పుడు నొక్కిన బొటనవేలి ముద్ర ఉంది. వేలి మధ్యలో అడ్డంగా గాటు. బావగారూ, ఆ గాటు నాకు తెలుసు. నాకు ఐదేళ్లప్పుడు, వరికోతల్లో కొడవలితో తెగిన గాటు అది. రేషను కార్డు మీదా, బ్యాంకు కాగితాల మీదా, నా పదో తరగతి సర్టిఫికెట్టు తీసుకున్న రిజిస్టరులోనూ నేనే ఆ వేలు పట్టుకుని సిరాలో ముంచి ముద్ర వేయించాను. ఎక్కడ చూసినా పోల్చుకుంటాను.

ఆ వేలు అక్కడికి ఎలా వెళ్లింది?

స్విచ్చి ఆపాను. కళ్లు ఆరిపోయాయి. కొంపంతా నిశ్శబ్దమైపోయింది. ఎందుకో మళ్లీ వేశాను.

బయటికి వచ్చాక ప్రవీణ్ కుమార్ గారు దొరికిందా అని అడిగారు. దొరకలేదండి అన్నాను. నలభై ఏడేళ్ల వయసులో, సంఘ పెద్దగా ఉండి, పట్టపగలు అబద్ధమాడాను. ఇంక తొమ్మిది రోజులే ఉంది. నాకు తొందరగా రాయండి. ఈసారి వేళాకోళం కొంచెం తగ్గించి రాయండి.

ఆనందరావు


బండారులంక
24 జూన్ 2025

ఆనందూ,

తగ్గించే ప్రయత్నం చేస్తాను. కాని ఇది మీ అమ్మ సంగతి, ఆవిడే తగ్గించనివ్వదు.

1999లో నేను ఆ రాక్షసి మొహం మూడుసార్లు చేసి మూడుసార్లు చెరిపాను. ఓ గురువారం మీ అమ్మ నాకు క్యారేజీ పట్టుకొచ్చింది. మట్టి మొహం వంక చూసి, "ఏంటల్లుడూ, ఇది రాక్షసా, జొరమొచ్చిన మేకా?" అంది. నాకు ఒళ్లు మండి, అయితే మీరే చేసి చూపించండి అన్నాను. చీర కుచ్చిళ్లు దోపుకుని, ఇసకబస్తా మీద కూర్చుని, కనుబొమ్మ పైకి లేపి నన్ను చూసింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. "చూసేవా? ఇదీ రాక్షసంటే. దీన్ని చెయ్యి" అంది.

అలా నాలుగు నెలలు, గురువారం గురువారం వచ్చి కూర్చుంది. ప్రార్థన కూటం అని నీకు చెప్పింది ఈ కూటమేరా. పుట్టుమచ్చ నేను మానేస్తే తనే పెట్టించింది. కోరలు చిన్నవైపోయేయని రెండోసారి చేయించింది. గాజులు కూడా ఆవిడ కోరికే. మీ నాన్న పోయాక తీసేసిన గాజులు, కనీసం దీనికైనా ఉండనీ అంది. పని అయిపోయిన రోజు, బొమ్మ చేసినవాళ్లు పేరు రాస్తారు గదా, నాకు రాయడం రాదు అని వేలు నొక్కింది.

ఇప్పుడు నవ్వు సంగతి. మద్రాసు క్యాసెట్టు కాదది. టేపు రికార్డరు పెట్టి నవ్వమంటే ముందు రాలేదు ఆవిడకి. "ఇంట్లో నవ్వితే మా ఆనందు వాక్యం చదువుతాడు, అలవాటు తప్పిపోయింది" అంది. నువ్వప్పుడు ఇరవై ఒక్కేళ్లవాడివి, కొత్తగా బాప్తిస్మం తీసుకుని ఇంట్లోవాళ్లందర్నీ రక్షించే పనిలో ఉన్నావు. ఆఖరికి బొమ్మకి కళ్ల బల్బులు వేసి చూపించాను. కోరలతో, ఎర్ర కళ్లతో తన మొహం తనే చూసుకుని, కడుపు పట్టుకుని నేల మీద కూలబడి నవ్వింది. అదే రికార్డయింది.

తర్వాత చనిపోయేదాకా వీలైన ప్రతి గురువారం వచ్చేది. బయటికొచ్చే దారి పక్కన సిమెంటు బల్ల ఉంది చూడు, దాని మీద మరమరాల పొట్లం పెట్టుకుని కూర్చునేది. కామందులూ, ఆఫీసర్లూ, వాళ్ల భార్యలూ లోపల్నుంచి కేకలేసుకుంటూ పరిగెత్తుకొస్తుంటే చూసేది. ఓసారి నాతో అంది: "అల్లుడూ, బతుకంతా నేనే అందరికీ భయపడ్డాను. వీళ్లు చూడు, నన్ను చూసి ఎలా పరిగెడతన్నారో."

నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. "వాడు పెద్దమనిషి అవుతాడు, తలెత్తుకోలేడు" అంది. అందుకే ఊరందరి నోటా సంగతి విన్నాక కూడా నీ దగ్గరికి రాకుండా నోరు మూసుకుని కూర్చున్నాను. అక్కకీ తెలుసు, అక్క చేతా ఒట్టు వేయించుకుంది. పదకొండేళ్లు నువ్వో ఒట్టు మీద, నేనో ఒట్టు మీద కూర్చున్నాం. నీ మొదటి ఉత్తరం చూశాక నాకు బుద్ధొచ్చింది. నేనూ చెప్పనని ఒట్టేశాను గాని, రాయనని అనలేదు.

తల, భుజాలు ఇనప చట్రం మీద నాలుగు బోల్టులతో ఉన్నాయి. చెవిపోగులు తిప్పి తీస్తే రెండు, జడ ఎత్తితే రెండు కనపడతాయి. తుప్పు పట్టి ఉంటాయి, ముందు రోజు కిరసనాయిలు పొయ్యి. తియ్యాలో వద్దో నీ ఇష్టం. నీ తల్లి.

సాలమోను


దిండి
1 జూలై 2025

ప్రభువునందు బావకి, అక్కకి వందనాలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు గురువారం. పార్కు మూసే ముందు ఆ సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. మరమరాలు కొనుక్కున్నాను. దెయ్యాల కొంప తాళం వేసే ఉంది గనక పరిగెత్తుకొచ్చేవాళ్లు ఎవరూ లేరు. లోపల్నుంచి పది నిమిషాలకోసారి అమ్మ నవ్వుతోంది. ఆరుసార్లు విన్నాను. మన ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్లు ఆవిడతో ఉన్నాను బావా, ఆ నవ్వు ఒక్కసారి కూడా వినలేదు. ఇక్కడ పదిహేనేళ్లు రోజూ వింటూ, మద్రాసుది అనుకున్నాను. నేను చాలా ఏడ్చాను. అక్కకి చెప్పకు. ఎలాగూ తనే ముందు చదువుతుంది.

నిన్న పొక్లెయిను వచ్చింది. నేను నిచ్చెన వేసుకుని బోల్టులు తీస్తుంటే ప్రవీణ్ కుమార్ గారు వచ్చి, ఏంటండీ ఇది అన్నారు. స్విచ్చి దొరకలేదని అబద్ధమాడానని ముందు ఒప్పుకున్నాను. తర్వాత, ఇది తీసుకెళ్తానండి అన్నాను. ఈ పాత రాక్షసి మీకెందుకండీ, ఎవరికి కావాలి అన్నారు. కూలీలందరూ చూస్తున్నారు. పక్కన క్యాంటీను వాళ్లు, టిక్కెట్టు కౌంటరు వాళ్లు కూడా ఉన్నారు.

"మా అమ్మండి" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నాలుగు క్షణాలకి అమ్మే నవ్వింది, టైమయింది గనక. దాంతో పొక్లెయిను డ్రైవరు దిగి పరిగెత్తాడు. నాకు నవ్వాగలేదు బావా. నిచ్చెన మీద కూర్చుని, స్పానరు పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. తర్వాత నేనే ఆవిడ నోట్లో చెయ్యి పెట్టి స్విచ్చి ఆపాను, మోటారు షెడ్డు దగ్గరికి వెళ్లి వైరు కత్తిరించి టేపు చుట్టాను. ఐదుగురం పట్టుకుని దించాం. అవతలి భుజం పట్టుకున్నది ప్రవీణ్ కుమార్ గారే. అంగిలి మీద ముద్రకి దెబ్బ తగలకుండా నోట్లో తువ్వాలు కుక్కాను.

వచ్చే గురువారం ట్రాలీ ఆటోలో తీసుకొస్తున్నాను. కోరలు బయటికి వస్తున్నాయి, రాజోలు సెంటర్లో జనం చూస్తారు. చూడనీ. మీ పెరట్లో కరెంటు పాయింటు ఉన్న చోట కాస్త జాగా చెయ్యి. మీసం దగ్గర పోయిన రంగు నువ్వే వెయ్యాలి. ప్రమాణం సంగతి దేవుడితో నేను తేల్చుకుంటాను, వచ్చాక గుమ్మంలో ముందు నేనే మాట్లాడతాను. అక్కని మాగాయ తీసిపెట్టమను.

ఆటో మాట్లాడుతుంటే పాస్టరుగారు ఎదురయ్యారు. గురువారం పూట ఎక్కడికి ప్రయాణం అని అడిగారు.

అమ్మా నేనూ ప్రార్థన కూటానికి వెళ్తున్నామండి అని చెప్పాను.

నీ బావమరిది,
ఆనందు